తండా బిడ్డలు – బడి భాష



కామారెడ్డి నుండి తాడ్వాయి, లింగంపేటల మీదుగా ఎల్లారెడ్డికి పోయే దారి మీలో చాలామందికి పరిచితమైనదే. ఆ దారిని విడిచి కొంత లోపలికి పోతే, చెలకల చివర, అడవి అంచున, లంబాడీల తండాలు కనబడతాయి. ఎల్లారెడ్డి, లింగంపేట, గాంధారి, మాచారెడ్డి ప్రాంతాలలో ఇట్టి తండాలు అనేకము ఉన్నవి. ఆ తండాల బిడ్డల చదువును గురించి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచినాము.

కొంతకాలము క్రిందట, శ్రావణ మాసములో, తీజ్ పండుగ పాటలను రికార్డు చేసుకొనడానికి మేము ఆ ప్రాంతములోని ఒక తండాకు పోయినాము. పెళ్ళికాని పడుచులు బుట్టలలో గోధుమ మొలకలు పెంచి, తొమ్మిది దినాలు వాటికి నీళ్ళు పోస్తూ పాడుకొనే పాటలవి. పాడిన వృద్ధురాలి ప్రక్కన ఆమె మనుమరాలు కూర్చున్నది. ఒకటవ తరగతి చదువుతున్న పిల్ల. పాటలు ముగిసిన తరువాత మేము ముచ్చటపడి, "నీ పేరేమిటమ్మా? బడిలో ఏమేమి నేర్చుకొన్నావు?" అని అడిగినాము. పిల్ల తల వంచుకొన్నది. మరల అడిగినాము. పలుకలేదు. "సిగ్గుపడుతున్నది" అన్నారు మా వెంట వచ్చినవారొకరు.

ముసలమ్మ నవ్వి, "సిగ్గు గాదు సారూ. దానికి మాటలు రాక గాదు, మీ మాట రాదు, గంతే" అన్నది. అని, తమ భాషలో ఆ పిల్లను ఏదో అడిగినది. ఇక చూడండి, అంతవరకు తల ఎత్తని పిల్ల చేతులు తిప్పుతూ, వేళ్ళు మడుస్తూ, నాలుగు నిమిషాలు ఎడతెగకుండా మాట్లాడినది. యంత్రము నడుస్తూనే ఉన్నది. ఆ నాలుగు నిమిషాలూ మూగవారమై కూర్చున్నది మేము.

ఆ పిల్ల ఏమి చెప్పినదో తరువాత మనవి చేస్తాము. ముందుగా, ఆమె మౌనానికి వెనుక ఉన్న చరిత్రను కొంచెము తలచుకొందాము.

లంబాడీలు తమను తాము గోర్ అని చెప్పుకొంటారు. వారి భాష గోర్ బోలి. అది తెలుగు వలె ద్రావిడ కుటుంబములోనిది కాదు. రాజస్థాన ప్రాంతపు భాషలకు దగ్గరి చుట్టము. వారి పూర్వులు ఎద్దుల మందలపై ధాన్యము, ఉప్పు వేసుకొని దేశమంతటా తిరిగిన వర్తకులు. దక్కనుకు దండెత్తి వచ్చిన మొగలు సేనలకు తిండిగింజలు మోసినది వారే. 1791–92 సంవత్సరాలలో శ్రీరంగపట్టణముపైకి పోయిన కారన్‌వాలిస్ సేన సైతము వారి ఎద్దులపైననే ఆధారపడినది.

అట్టి జీవితము చదువు లేని జీవితమని అనుకొనరాదు. ఏ కనుమలో ఏ నెలలో దారి దొరుకుతుంది, ఏ బావిలో ఎండాకాలము నీరుంటుంది, ఏ సీమలో ఉప్పు ప్రియము, ఏ సీమలో గింజలు చౌక, ఏ ఎద్దుకు ఎంత బరువు తగును అనే జ్ఞానమంతయు నోటి మాటగా తండ్రి నుండి కొడుకుకు వచ్చేది. వంశావళులను భాట్లు పాడి నిలిపేవారు. తల్లి ప్రక్కన కూర్చుండి ఆడపిల్ల అద్దాలు, గవ్వలు పొదిగి కాంచళి కుట్టడము నేర్చుకొనేది. గురువు ఇంటిలోనే ఉన్నాడు. బోధన భాష ఇంటి భాషయే.

పంతొమ్మిదవ శతాబ్దములో రైళ్ళు, బండిబాటలు వచ్చి ఎద్దుల వర్తకాన్ని మూలకు నెట్టినవి. బతుకుతెరువు పోయినవారిని ఆదుకొనవలసిన ప్రభుత్వము అనుమానించినది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసినది. తిరిగే కులములు పుట్టుకతోనే నేరస్థులని భావించిన చట్టమది. పలు రాష్ట్రాలలో బంజారా శాఖలు దాని క్రిందికి వచ్చినవి. స్వాతంత్ర్యానంతరము 1952లో గాని ఆ చట్టము రద్దు కాలేదు. ఈ సంగతి ఎందుకు చెప్పుచున్నామంటే, తండావారికి సర్కారు ముఖము మొదట కనబడినది పంతులు రూపములో కాదు, జవాను రూపములో. అట్టివారు బడిని వెంటనే నమ్మలేదంటే అందులో ఆశ్చర్యము లేదు.

ఇక బడి సంగతి. నిజాము కాలములో కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలు ఇందూరు జిల్లాలోనివి. ఆనాటి హైదరాబాదు రాజ్యములో దాదాపు సగముమంది తెలుగువారు. అయినను పై చదువులకు ఉర్దూయే మాధ్యమము. ప్రాథమిక పాఠశాలలలో సైతము తెలుగుకు దక్కిన చోటు స్వల్పము. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము విదేశీ భాషను కాదని దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన గొప్ప ప్రయత్నమే. కాని ఆ దేశభాష తెలుగు రైతు ఇంటి భాష కాదు.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కార సభ జరిగినది. అందులో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగులో మాట్లాడనారంభించగా, సభలోనివారు గేలి చేసి, ఆయనను మాట్లాడనీయలేదు. ఆ అవమానమునుండే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయినది. ప్రథమాంధ్ర మహాసభ 1930లో ఎల్లారెడ్డికి దక్షిణాన ఉన్న జోగిపేటలోనే, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. 1937లో నిజామాబాదులో మందుముల నరసింగరావుగారు అధ్యక్షులుగా మరొక సభ జరిగినది. తెలుగు బిడ్డకు తెలుగులో చదువు చెప్పవలెనన్నది ఆ ఉద్యమపు ముఖ్యమైన కోరికలలో ఒకటి.

మన తాతలు ఎరిగిన బాధ ఇది. ఇంటిలో ఒక మాట, బడిలో మరొక మాట. తెలిసిన జవాబును చెప్పలేక తల వంచుకొనడము. తెలివి లేని పిల్లవాడని పేరు పడడము. దీనిని తెలుగువారికి వేరుగా వివరింపవలసిన అవసరము లేదు. అయితే తెలుగు బడి వచ్చిన తరువాత మనము మరచిన సంగతి ఒకటున్నది. ఆ బడి గడప ముందు మరొక బిడ్డ నిలబడి ఉన్నది. ఆమెకు మన తెలుగు, మన తాతకు ఉర్దూ వంటిదే.

ఈ సంగతిని ముందే గుర్తించినవారు లేకపోలేదు. గోదావరికి ఉత్తరాన, ఆదిలాబాదు అడవులలో, 1940లో కొమురం భీము పోరాటము, ఆయన మరణము జరిగిన పిదప, గోండుల స్థితిని పరిశీలించే పనిని నిజాము ప్రభుత్వము వియన్నా నగరమునుండి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫుగారికి అప్పగించినది. ఆయన సలహాపై 1943లో మార్లవాయి గ్రామములో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము ఆరంభమైనది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చినారు. నాగరి లిపిలో గోండీ వాచకాలు అచ్చువేయించినారు. బిడ్డ మొదట తన మాటను తాను చదివేది. ఆ తరువాత ఇతర భాషలకు పోయేది. అంతకు ముందు అక్షరము ఎరుగని పల్లెలలోనుండి ఉపాధ్యాయులు, గుమాస్తాలు తయారైనారు.

ఆ ప్రయత్నము చిరకాలము నిలువలేదు. కాలక్రమమున బయటినుండి వచ్చిన ఉపాధ్యాయులు, బయటి భాష ఆ బడులలో ప్రవేశించినవి. గోండీ వాచకాలు మూలబడినవి. అయినను మార్లవాయి ప్రజలు ఆ దంపతులను మరువలేదు. హైమన్‌డార్ఫుగారి భార్య సమాధి ఆ ఊరిలోనే ఉన్నది. 2012లో ఆయన అస్థికలను కూడ అక్కడికే తెచ్చి, ఆమె ప్రక్కన ఉంచినారు. బిడ్డకు దాని మాటలో అక్షరము చెప్పినవారిని తరాలు గుర్తుంచుకొంటాయనడానికి ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను?

మార్లవాయి వంటి బడి మన కామారెడ్డి తండాలకు రాలేదు. వచ్చినది వేరొక మార్పు. 1956లో రాజ్యాంగానికి చేసిన సవరణలో 350 ఏ అధికరణము చేరినది. భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో అందించే సౌకర్యాలు కల్పింపవలెనని అది చెప్పుచున్నది. 1976లో పార్లమెంటు చేసిన చట్టముతో తెలంగాణములోని లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరినారు. వసతిగృహాలు, ఉపకారవేతనాలు, ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వారికి అందుబాటులోకి వచ్చినవి. నేడు గాంధారిలో ఏకలవ్య ఆదర్శ గురుకుల విద్యాలయము ఉన్నది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టముతో అయిదువందలు, అంతకు మించి జనమున్న తండాలు స్వంత గ్రామపంచాయతీలైనవి. జవానుకు వెరచిన తండా నేడు సర్పంచిని ఎన్నుకొంటున్నది.

అంకెలు చూడండి. దేశమంతటిలో షెడ్యూల్డు తెగలలో చదువు వచ్చినవారు 1961లో నూటికి 8.53 మంది. 1991లో 29.60. 2011లో 58.96. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 17.16గా ఉన్నది 2001 నాటికి 37.04 అయినది. పదేండ్లలో రెట్టింపునకు మించిన పెరుగుదల అది. 1991లో అక్కడి గిరిజన స్త్రీలలో చదువు వచ్చినవారు పదిమందికి ఒక్కరు కూడ లేరు. నేడు అవే తండాలలోనుండి ఉపాధ్యాయినులు, నర్సులు, ఇంజనీర్లు వస్తున్నారు. ఈ మార్పును తక్కువచేసి మాట్లాడడము అన్యాయము.

కాని మారనిది ఒకటున్నది. బడి భాష మారినది. బిడ్డ భాష కాలేదు. మొదట ఉర్దూ, పిదప తెలుగు. 2022–23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమము. నూరేండ్ల వ్యవధిలో మూడు భాషలు బడిలోనికి వచ్చినవి. మూడింటిలో ఒకటియు గోర్ బోలి కాదు.

మధ్యలో ఒక వెలుగు రేఖ కనబడక పోలేదు. 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియాలతో పాటు బంజారా భాషలోను, మొత్తము ఎనిమిది భాషలలో, చిన్న తరగతులకు వాచకాలు తయారుచేయించినది. తెలుగు లిపిలోనే ముద్రించినారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము సైతము, సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషలో ఉండవలెనని చెప్పినది. మాట ఉన్నది, చట్టము ఉన్నది, పుస్తకము కూడ ఒకనాడు అచ్చయినది. అది ప్రతి తండా బడికి చేరి, ఏటేటా నిలిచే ఏర్పాటు మాత్రము కాలేదు.

పెద్ద పెద్ద మాటలెందుకు, ఒక్క అక్షరాన్ని చూద్దాము. మన వాచకములో మొదటి పాఠము 'అ' అంటే అమ్మ. తెలుగు బిడ్డ ఆ బొమ్మను చూచి, తాను పుట్టినప్పటినుండి పిలుస్తున్న మాటను తానే పలికి, ఆ మాట తొలి ధ్వనిని అక్షరముతో ముడిపెట్టుకొంటుంది. చదువు అనేది ఆ ముడియే. తండా బిడ్డ తల్లిని 'యాడి' అంటుంది. ఆ బొమ్మను చూపి, ఇది 'అ' అంటే, బిడ్డకు ఆ ముడి పడదు. ఆమె అక్షరాన్ని చదవదు, అప్పగిస్తుంది. రెండవ తరగతిలో మాటలను అప్పగిస్తుంది, మూడవ తరగతిలో వాక్యాలను. అయిదవ తరగతిలో లెక్కను మాటలలో చెప్పి అడిగినప్పుడు గాని లోటు బయటపడదు. అప్పుడు మనము, "ఈ పిల్లకు లెక్కలు రావు" అంటాము.

దీనికితోడు తండాల బతుకులో మరొక చిక్కు ఉన్నది. వానలు ముగిసి, చెలకలలో పని తీరగానే, చెరుకు కోతకు దూరప్రాంతాలకు వలసపోయే కుటుంబాలున్నవి. బిడ్డ వెంటపోతే బడి తప్పుతుంది. ఉండిపోతే ముసలమ్మ దగ్గర ఉండవలెను, లేదా వసతిగృహానికి పోవలెను. భాష అర్థము కాని బడిని విడువడము సులభము. అర్థమయ్యే బడినైతే, ఆ ముసలమ్మయే పట్టి పంపుతుంది.

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. ఆస్ట్రేలియా ఖండములో ఆంగ్లేయులు స్థిరపడిన కొలది కాలానికే, 1814లో, పరమట్టా అనే చోట ఆదివాసుల బిడ్డలకై ఒక పాఠశాలను గవర్నరు మక్వారీ ఏర్పాటు చేసినాడు. బిడ్డను తల్లిదండ్రులనుండి, వారి భాషనుండి దూరము చేయడమే చదువు అనే భావన దానిలో ఉన్నది. ఆ భావన ముదిరి, తరువాతి కాలములో వేలాది బిడ్డలను బలవంతముగా తల్లుల ఒడినుండి తీసుకొనిపోయినారు. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చినది. అదే దేశములో 1973 నుండి ఉత్తర ప్రాంతములోని కొన్ని బడులలో ఆదివాసి భాషలతో కలిపి ఆంగ్లము బోధించే పద్ధతిని ఆరంభించినారు. పొరుగున న్యూజీలాండులో మావోరీలు 1982లో తమ పసిబిడ్డలకై భాషా గూళ్ళను తామే నెలకొల్పుకొన్నారు. అక్కడ అవ్వలే ఉపాధ్యాయినులు.

మన తండాలలో ఎవరును బిడ్డలను లాగుకొనిపోలేదు. గురుకులములో చోటు దొరకవలెనని తల్లిదండ్రులే తిరుగుతున్నారు. ఈ భేదము పెద్దది, దానిని మరువరాదు. కాని బలవంతము లేనిచోట కూడ నష్టము జరుగవచ్చును. సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవాడు అవ్వతో తమ భాషలో మాట్లాడడానికి సిగ్గుపడితే, ఆ సిగ్గును అతనికి నేర్పినదెవరు?

శ్రోతలు ఇక్కడ ఒక ప్రశ్న అడుగవచ్చును. "తండావారే ఆంగ్లము కావలెనంటున్నారు కదా, మీరు వారిని వెనుకకు లాగుతున్నారా?" అని. న్యాయమైన ప్రశ్న. ఉద్యోగాలు ఆంగ్లముతో ముడిపడి ఉన్నప్పుడు ఆ కోరిక తప్పు కాదు. మన పిల్లలకు మనము కోరుకొనేది వారి పిల్లలకు వారు కోరుకొనరాదా? మేము చెప్పేది ఆంగ్లము వద్దని కాదు, తెలుగు వద్దని అంతకన్న కాదు. మేడ ఎక్కడానికి మొదటి మెట్టు ఇంటి వాకిటిలో ఉండవలెనని మాత్రమే. మొదటి రెండు మూడేండ్లు బిడ్డ తన మాటలో ఆలోచింపనేర్చి, దానితో పాటు తెలుగును, పిదప ఆంగ్లమును అందుకొంటే, ఆ రెండు భాషలు మరింత గట్టిగా వస్తాయే కాని తగ్గవు.

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. గోర్ బోలి మాట్లాడే చదువుకొన్న యువతీయువకులు నేడు తండా తండాకు ఉన్నారు. ఒకటి, రెండు తరగతులకు అట్టివారొకరు ఉంటే చాలును. కామారెడ్డి షెడ్యూల్డు ప్రాంతము కాదు గనుక, ఏజెన్సీ గ్రామాలలో స్థానిక గిరిజనులకే ఉపాధ్యాయ ఉద్యోగాలు కేటాయించిన 2000 సంవత్సరపు ఉత్తరువు ఇక్కడ వర్తించలేదు. ఆ ఉత్తరువునే 2020లో సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసినది. ఉద్యోగాల పంపకము న్యాయస్థానాల సంగతి. బిడ్డ మాట తెలిసినవారొకరు బడిలో ఉండవలెననుట పెద్దల మనస్సుకు సంబంధించిన సంగతి. బోలి తెలియని ఉపాధ్యాయుడైనను, 'యాడి' అనే మాటను నల్లబల్లపై తెలుగు అక్షరాలలో వ్రాసి చూపితే, ఆనాటినుండి ఆ బడి ఆ బిడ్డది అవుతుంది.

ఈ లోపము బడికే పరిమితము కాదు, మాకును ఉన్నది. మేము తండాకు పోయి పాటలు తెచ్చుకొంటాము. ఆ పాటలు పాడినవారి భాషలో వారి పిల్లలకు ఒక కథ చెప్పడము ఎన్నిసార్లు చేసినాము? 2011 జనాభా లెక్కలలో లంబాడీ తమ మాతృభాష అని వ్రాయించుకొన్నవారు దేశములో 32 లక్షలకు పైబడి ఉన్నారు. కాని ఆ లెక్కలలో ఆ భాషను హిందీ క్రింద చేర్చి చూపినారు. రాజ్యాంగపు ఎనిమిదవ అనుబంధములోని 22 భాషలలో దానికి చోటు లేదు. ఇంతమంది మాట ఎక్కడా దాని పేరుతో వినబడకపోతే, వినిపించే పని చేతిలో ఉన్నవారమైన మేము కొంత బాధ్యత వహింపవలెను.

ఇక ఆ పిల్ల మాటలకు వస్తాము. తిరిగి వచ్చిన తరువాత గోర్ బోలి తెలిసిన ఒకరిని పిలిపించి, ఆ నాలుగు నిమిషాలను వినిపించినాము. ఆయన విని నవ్వినారు. ముసలమ్మ అడిగినది, "మన మేకలెన్నో సారుకు చెప్పు" అని. పిల్ల చెప్పినది ఇది: మొదట పదకొండు మేకలుండెను. అంగడిలో మూడు అమ్మినారు. ఒకటి నిన్న రాత్రి రెండు పిల్లలను ఈనినది. కనుక ఇప్పుడు పది. అందులో ఒకటి కుంటిది. దానిని అమ్మనీయనని తాతకు చెప్పినది.

కూడిక, తీసివేత, దయ కూడ ఉన్నవి ఆ జవాబులో. మేము తెలుగులో అడిగినంతసేపు ఆ పిల్లకు ఏమియు రాదనుకొన్నాము.

ఇట్టి తండాలలోనుండియే, పొరుగు నిజామాబాదు జిల్లానుండియే, రమేశ్ కార్తీక్ నాయక్ అనే యువకుడు వచ్చినాడు. ఆయన తెలుగు కథల పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారము లభించినది. ఆ పుస్తకము పేరు 'ఢావ్లో'. దుఃఖములో పాడుకొనే పాటకు లంబాడీలు పెట్టుకొన్న పేరది. ఇంటి మాటను విడువకుండ వచ్చిన ఒక బిడ్డ మన తెలుగుకు ఒక కొత్త మాటను తెచ్చి ఇచ్చినాడు. ఇందులో నష్టపోయినదెవరు?

ఈ జూనులో బడులు తెరిచినప్పుడు మీ ఊరి బడికి పక్క తండానుండి ఒక బిడ్డ వస్తుంది. మీరు ఉపాధ్యాయులైతే, సర్పంచులైతే, ఆ బిడ్డతో కలిసి చదివే పిల్లల తల్లిదండ్రులైతే, ఆ బిడ్డ పలుకకుండా నిలుచున్నప్పుడు తొందరపడి తీర్పు చెప్పవద్దని మా మనవి. మేకలెన్నో అడిగి చూడండి. అడిగే మాట మాత్రము ఆమెకు తెలిసినదై ఉండవలెను.